మన సంఘం వార్షిక నివేదిక, 2024–25: ‘మాతృభాష’ గడి దగ్గర

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చులతో నివేదిక మొదలుపెట్టడం మన ఆనవాయితీ. లెక్కలు ఆడిటర్ చూశారు, తేడాల్లేవు, ప్రతి జతచేశాం. ఈసారి అసలు కథ ప్రవేశ దరఖాస్తుల దగ్గర ఉంది.

జూన్‌లో దరఖాస్తులు నింపి పెట్టడానికి మన బధిర పిల్లల బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాం. ‘మాతృభాష’ అన్న గడిలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ అని రాసుకుంటూ పోతున్నాం. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన ఒక తల్లి, “లంబాడీ నా భాష. వాడికి ఇంకా ఏ భాషా రాలేదు కదయ్యా, ఏమని రాస్తావు?” అంది. గడి ఖాళీగా వదిలేశాం. ఏడాదంతా ఆ ఖాళీ చుట్టూనే తిరిగాం.

వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లవాడికి బడిలో ‘నీళ్లు’ అన్న మాట నెలల తరబడి నేర్పుతారు. ఇంటికి వెళితే అమ్మ ‘పాణి’ అంటుంది. పెదవులు చూసి పోల్చుకునేవాడికి ఆ రెండింటికీ పొంతనే లేదు. తెలుగు ఇళ్లలో సులువని కాదు. అద్దం ముందు నిలబడి, గొంతు రానీయకుండా ‘పాప’, ‘మామ’ అని చూడండి. పెదవులు ఒకేలా కదులుతాయి. ఇంట్లో ఏ భాష ఉన్నా మన పిల్లలకు కొరత లేకుండా అందేది సంకేత భాషే. అది చాలామందికి అమ్మ దగ్గర కాక, హాస్టల్‌లో పెద్ద పిల్లల దగ్గర అబ్బుతోంది.

డిసెంబరులో ఒడిశాలోని బలంగీర్ నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చిన కుటుంబం తొమ్మిదేళ్ల పాపను చేర్పించింది. ఆ పాపకు వచ్చినవి అన్నానికి, నిద్రకు, దెబ్బకు ఇంట్లో కల్పించుకున్న సైగలు. ఉపాధ్యాయుల్లో ఎవరికీ ఒడియా రాదు. రెండు వారాలు తిరగకముందే పక్క మంచం పిల్ల, పాతబస్తీ ఉర్దూ ఇంటి అమ్మాయి, ఆమెకు పేరు పెట్టేసింది: చెక్కిలి మీద సొట్ట పడే చోట వేలితో ఒక్క నొక్కు. హాజరు పట్టీలో ఉన్న పేరు పలకడం నాకింకా సరిగా రాదు. ఈ పేరు మాత్రం వంటమనిషికి కూడా తెలుసు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. సెప్టెంబరు 23న, అంతర్జాతీయ సంకేత భాషల దినోత్సవానికి, ఆహ్వానాలు తెలుగులోనే అచ్చు వేయించాం. సగం కుర్చీలు ఖాళీ. ‘వీళ్లకు పిల్లల మీద శ్రద్ధ లేదు’ అని కమిటీలో గొణిగినవాళ్లలో నేనూ ఉన్నాను. జనవరి సమావేశానికి ఉర్దూలో, లంబాడీలో, హిందీలో మాటలు రికార్డు చేసి ఫోన్లకు పంపితే వరండా చాలలేదు. ఆ రికార్డు మన సభ్యుల్లోని బధిర దంపతులకు ఎందుకు పనికొస్తుందన్న ఆలోచన అప్పుడూ తట్టలేదు. వాళ్లే వచ్చి నవ్వుతూ చురక వేశారు. ఇప్పుడు ప్రతి కబురూ సంకేత భాషలో వీడియోగానూ వెళ్తోంది.

ఆదివారం తల్లుల తరగతి నడుపుతున్నదీ ఆ దంపతులే. 2021లో విడుదలైన 10,000 పదాల భారతీయ సంకేత భాషా నిఘంటువును అందరి ఫోన్లలో చూపించాం. చదువు రాని తల్లులకు పదం వెతకడం కుదరదు కాబట్టి పిల్లలే వెతికి పెడుతున్నారు. నిఘంటువులో సైగకూ హాస్టల్ సైగకూ తేడా వస్తే నిఘంటువే తప్పంటున్నారు. వీలైన చోట స్థానిక సంకేత భాషలను కూడా గౌరవించి నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది కనుక మేం తలదూర్చలేదు.

సంకేత భాష వచ్చిన ఉపాధ్యాయులను, వారిలో వైకల్యం ఉన్నవారిని కూడా, నియమించాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. బధిర ఉపాధ్యాయుడి కోసం మనం పెట్టుకున్న రెండు అర్జీలకు జవాబు లేదు. మూడోది సిద్ధంగా ఉంది, సంతకాలు కావాలి.

సర్వసభ్య సమావేశంలో తేల్చవలసింది ఒకటి: దరఖాస్తులో మాతృభాష కింద ‘ఇంట్లో పిల్లలతో ఎలా మాట్లాడతారు’ అన్న గడి చేర్చమని బడిని అడగాలా వద్దా. తండా నుంచి మొదటి బస్సు పదకొండుకు గానీ చేరడం లేదు. అందుకని ఆదివారం తరగతిని తొమ్మిది నుంచి పదకొండున్నరకు మార్చాం.

– కార్యదర్శి