కోపెన్‌హేగన్ అంటే జలకన్య బొమ్మేనా?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందటి ఆదివారం అనుబంధంలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్ మీద మీరు వేసిన వ్యాసం సంగతి. మీరే సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. వేయలేదు.

‘నగర చరిత్ర’ అని శీర్షిక పెట్టి సగం పేజీ జలకన్య బొమ్మకి ఇచ్చారు. ఆ బొమ్మని అక్కడ పెట్టింది 1913లో. ఊరి చరిత్ర మాత్రం 1167లో బిషప్ అబ్సలాన్ కోట కట్టించినప్పటి నుంచీ చెప్పుకుంటారు. ఆ మధ్య కాలమంతా మీకు నాలుగు వాక్యాల్లో అయిపోయింది. అందులోనూ ఒకటి, అది యుద్ధాల ఛాయ సోకని ప్రశాంత నగరమట!

1658లో స్వీడన్ సేన వచ్చి ముట్టడి వేసింది. 1711లో ప్లేగుకి ఊళ్లో దాదాపు మూడో వంతు జనం పోయారు. 1728లో మంటలు రేగి విశ్వవిద్యాలయ గ్రంథాలయంతో సహా పాత ఊరు దాదాపు సగం బూడిదైంది. 1795లో మళ్లీ అంటుకుంది. ఇవన్నీ ఒక ఎత్తు, 1807 ఒక ఎత్తు. డెన్మార్క్ అప్పటికి ఎవరి పక్షమూ కాదు. అయినా దాని నౌకలు ఎక్కడ నెపోలియన్ చేతిలో పడతాయోనని బ్రిటిష్‌వాళ్లు ఊరిని చుట్టుముట్టి, సెప్టెంబరు 2 నుంచి 5 దాకా ఇళ్ల మీద ఫిరంగి గుళ్లు కురిపించారు. పెద్ద చర్చి శిఖరం కూలింది. చివరికి నౌకలన్నీ పట్టుకుపోయారు. అప్పుడు వాడిన కాంగ్రీవ్ రాకెట్లకి మూలం ఏమిటో తెలుసా? మైసూరు సేన రాకెట్లు. 1799లో టిప్పు పడిపోయాక శ్రీరంగపట్నం నుంచి పట్టుకెళ్లినవి చూసి వాళ్లు తయారుచేసుకున్నారు. మీ వ్యాసంలో దీనికి చోటు లేదు గానీ ఐస్‌క్రీం కొట్ల వివరాలకి ఉంది.

అసలు నాకు ఒళ్లు మండింది మాత్రం తమిళనాడు తీరంలో డెన్మార్క్‌వాళ్ల రేవు అయిన తరంగంబాడి ప్రస్తావన దగ్గర. ‘డేన్‌లు ఒక తమిళ రాజు దగ్గర రేవు సంపాదించారు’ అని తేల్చేశారు. ఎవరండీ ఆ రాజు? తంజావూరు రఘునాథ నాయకుడు! తెలుగులో కావ్యాలు రాసినవాడు, చేమకూర వేంకటకవి కొలువున్న ప్రభువు. సింహళంలో పని జరగక ఇటు తిరిగిన డేనిష్ నౌకాధిపతి ఓవె గ్యెద్దె 1620 నవంబరులో ఆయనతో ఒప్పందం చేసుకున్నాడు. డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్‌కి రఘునాథుడు బంగారు రేకు మీద పంపిన లేఖ ఇప్పటికీ కోపెన్‌హేగన్‌లోనే, వాళ్ల జాతీయ అభిలేఖాగారంలో (పాత పత్రాలు భద్రపరిచే చోట) ఉంది. రాత తమిళం, సంతకం తెలుగు. ఒక తెలుగు పత్రిక కోపెన్‌హేగన్ గురించి రాస్తూ ఈ ఒక్క ముక్క వదిలేసిందంటే ఏమనుకోవాలి? రెండు వందల ఏళ్లు ఏలుకుని 1845లో తరంగంబాడినీ బెంగాల్లోని శ్రీరాంపూర్‌నీ కలిపి 12.5 లక్షల రూపాయలకి బ్రిటిష్ ఈస్టిండియా కంపెనీవాళ్లకి అమ్మేసిన సంగతీ లేదు.

ఇక ఫొటో. ఆ క్రిస్టియన్ రాజే కట్టించిన పాత స్టాక్ ఎక్స్ఛేంజి భవనం, దాని మీద నాలుగు డ్రాగన్ల తోకలు మెలేసుకుని పైకి లేచిన శిఖరం. కింద ‘నేటికీ చూడవచ్చు’ అని రాశారు. ఎలా చూస్తామండీ? మరమ్మతులు జరుగుతుండగా 2024 ఏప్రిల్ 16న మంటలు లేచి ఆ శిఖరం వీధిలోకి కూలింది. దారిన పోయేవాళ్లు కూడా లోపలికి పరుగెత్తి పెద్దపెద్ద చిత్రపటాలు మోసుకొచ్చారు. అన్ని టీవీల్లోనూ చూపించారు. మీ డెస్కులో ఒక్కరికీ గుర్తు లేదా, లేక ప్రూఫు చూసే ఉద్యోగమే ఎత్తేశారా? ఒకప్పుడు మీ పత్రికలో అచ్చుతప్పు కనబడితే పిల్లలకి ఆశ్చర్యంగా చూపించేవాళ్లం.

డేన్‌లు పుట్టడమే సైకిల్ మీద పుట్టినట్టు రాయడం ఇంకొకటి. అక్కడా 1960ల్లో రోడ్లన్నీ కార్లవే. 1962లో ఊరి నడిబొడ్డునున్న స్ట్రోయెట్ అనే బజారు వీధిలో కార్లు ఆపేస్తే కొట్లవాళ్లు గగ్గోలు పెట్టారు. 1973 చమురు సంక్షోభం, జనం రోడ్డెక్కి చేసిన ప్రదర్శనలు, ఇవన్నీ అయ్యాకే సైకిల్ దారులు పెరిగాయి. మన అధికారులు స్టడీ టూర్ అని వెళ్లి ఇదేమీ అడగరు. తిరిగొచ్చి రోడ్డు పక్కన ఓ చారకి రంగు పూయిస్తారు, మర్నాటికి దాని మీద కార్లు పార్కింగ్. ఈసారి వెళ్లేవాళ్లు జలకన్య దగ్గర సెల్ఫీలు అయ్యాక ఓ పూట ఆ అభిలేఖాగారానికి కూడా వెళ్లి, రఘునాథుడి సంతకానికి మంచి ఫొటో అడిగి తెస్తే బాగుంటుంది. మీరు దాన్ని అచ్చు వేసేటప్పుడు మాత్రం దయచేసి కింద రాసేది ఒకసారి చదువుకోండి.

– ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, తెనాలి