గుండె బొమ్మకి 'వెనక్కి' బటన్

మెల్‌బోర్న్

చెల్లికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. చలి మొదలైంది, మీ వదినకి మళ్లీ జలుబు.

నువ్వు పంపిన గుండె యానిమేషన్ చూశాను. బొమ్మలు చక్కగా వేశావు, రంగులూ బాగున్నాయి. కానీ అది ఎక్కడా ఆగదేంటే! కుడి జఠరిక నుంచి రక్తం ఊపిరితిత్తులకి వెళ్లిందో లేదో, అప్పుడే బృహద్ధమని దాకా వచ్చేసింది. "ధమనిలో మంచి రక్తం ఉంటుందన్నారు కదా టీచర్, మరి పుపుస ధమనిలో చెడు రక్తమేంటి?" అని ఏ పిల్లయినా అడిగితే మళ్లీ మొదట్నుంచి వేయాలా?

ముందు దాన్ని ఆపుదాం. నువ్వు బొమ్మ చేసిన అడోబీ యానిమేట్ ప్రోగ్రాంలో ఒక్కో దశ ముగిసే ఫ్రేము మీద యాక్షన్స్ ప్యానెల్ తెరిచి 'దిస్ డాట్ స్టాప్' అని ఒక్క లైను రాయి. దశ మొదలయ్యే ఫ్రేముకి ఒక లేబుల్ పెట్టు. ఫ్రేము నంబర్లు మాత్రం వాడకు. క్యాన్వాస్ ఫైల్లో (అంటే బ్రౌజర్లో ఆడే రకం) స్క్రిప్టు సున్నా నుంచి లెక్కపెడుతుంది, టైమ్‌లైను ఒకటి నుంచి చూపిస్తుంది. పైగా రేపు మధ్యలో నాలుగు ఫ్రేములు చేర్చావంటే నంబర్లన్నీ మారిపోతాయి.

'ముందుకు', 'వెనక్కి' అని రెండు బటన్లు చేసి, వాటిని పై లేయర్లో పెట్టి చివరి ఫ్రేము దాకా ఉంచు. ప్రాపర్టీస్‌లో ఒక్కో బటన్‌కీ ఇన్‌స్టెన్స్ పేరు, అంటే స్క్రిప్టు పిలిచే పేరు, ఇవ్వకపోతే స్క్రిప్టుకి ఆ బటన్ దొరకదు. నొక్కితే జరగాల్సింది చిన్నదే: దశ లెక్క ఒకటి పెంచి లేదా తగ్గించి, 'గోటూ అండ్ ప్లే'తో ఆ లేబుల్‌కి పంపడం. మొదటి దశలో 'వెనక్కి', చివరి దశలో 'ముందుకు' కనపడకుండా చెయ్యి.

మొదటి దశకి తిరిగొచ్చాక ఒకసారి నొక్కితే రెండు దశలు దూకుతోందని రాశావు కదా. మొదటి ఫ్రేముకి వచ్చిన ప్రతిసారీ అక్కడి స్క్రిప్టు మళ్లీ నడిచి, అదే బటన్‌కి ఇంకో లిజనర్, అంటే నొక్కు కోసం కాచుకునే కోడు, తగిలిస్తోంది. ఒక్క నొక్కు రెండుగా లెక్కపడుతోంది. 'ఇదివరకే తగిలించామా' అని చూసే ఒక ఇఫ్ షరతు పెడితే చాలు. ఇంకోటి, మెయిన్ టైమ్‌లైను ఆగినా మూవీ క్లిప్ లోపలి గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. దాన్ని అలాగే ఉంచు, నాకు నచ్చింది.

మీ క్లాసులో టచ్ ప్యానెల్ కదా, మౌస్ పెడితే రంగు మారే సోకులు అక్కడ పనికిరావు. బటన్లు పెద్దవిగా, పిల్లల చెయ్యి అందేలా కింద పెట్టు.

ఇదంతా నా ఛాదస్తం అనుకోకు. 2001లో రిచర్డ్ మేయర్, పాల్ చాండ్లర్ అనే పరిశోధకులు మెరుపు ఎలా పుడుతుందో చెప్పే యానిమేషన్‌ని 16 ముక్కలు చేసి, బటన్ నొక్కితేనే తరవాతిది వచ్చేలా పరీక్షించారు. అలా తమ వేగంతో చూసినవాళ్లు కొత్త ప్రశ్నలకి మెరుగ్గా జవాబులు చెప్పారు. మా ఆఫీసులో 'ముందుకు' బటన్ గురించి అందరూ మాట్లాడతారు. నన్నడిగితే క్లాసులో ఎక్కువ పనికొచ్చేది 'వెనక్కి'నే.

స్కూల్లో ఉన్న పాత ఫ్లాష్ పాఠాలు పారేయకండి. 2020తో ఫ్లాష్ ప్లేయర్ ఆగిపోయినా, రఫుల్ అనే ఉచిత ప్రోగ్రాంతో చాలామటుకు ఆడతాయి.

సరిచేశాక ఒరిజినల్ ఫైలే పంపు, వీడియో వద్దు. బావగారిని అడిగానని చెప్పు. అమ్మ బీపీ మాత్రలు అయిపోవచ్చాయేమో చూడు.

మీ అన్నయ్య