2024–25 వార్షిక నివేదిక: తీసిన ఫొటోలు, తెరవని ఫోల్డర్లు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

రాజమహేంద్రవరంలో సరదా కొద్దీ కెమెరా పట్టిన మనందరం కలిసి తిరిగిన మరో ఏడాది మార్చి 31తో ముగిసింది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా జతచేశారు. అందులో వివరించాల్సినంత పెద్ద పద్దు ఏదీ లేదు. చందాలు వచ్చాయి, వ్యాను అద్దెలకూ ప్రింట్లకూ పోయాయి. నెలవారీ సమావేశాలు ఆగకుండా జరిగాయి. ఎక్కడెక్కడికి వెళ్ళామో, అక్కడ తీసిన ఫొటోలు ఇప్పుడు ఎక్కడున్నాయో చెప్పడానికే ఈ నివేదిక. రెండో ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు. అందుకే ఈసారి నివేదిక కాస్త పొడుగైంది.

వానాకాలంలో ఏటి ఒడ్డున పెద్దగా తిరగలేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక పడిందంటే ఘాట్లలోకి దిగకూడదని మనం పెట్టుకున్న నియమాన్ని అందరూ పాటించారు. ఎర్రనీరు బ్యారేజీ గేట్ల కింద సుళ్ళు తిరుగుతుంటే దగ్గరికి వెళ్ళి తీయాలని ఎవరికైనా ఉంటుంది. అయినా గట్టు మీద నుంచే తీశాం. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం కాటన్ మ్యూజియం చూశాం, మరో మధ్యాహ్నం గోదావరి గట్టు మీదున్న దామెర్ల రామారావు చిత్రశాలలో గడిపాం. 1897లో పుట్టి 1925లోనే వెళ్ళిపోయిన మనిషి ఆయన. 28 ఏళ్ళు కూడా నిండని ఆ జీవితంలో వేసిన బొమ్మల ముందు మన సభ్యులు గంటల తరబడి నిలబడ్డారు. వెలుగు మనిషి భుజం మీద ఎలా వాలుతుందో నేర్చుకోవడానికి మన ఊళ్ళోనే ఇంతకన్నా మంచి బడి లేదు. ప్రతి ఏడాదీ ఒకసారైనా వెళ్దాం.

చలికాలం మొదలయ్యాక ఉదయపు నడకలు జోరందుకున్నాయి. సూర్యాస్తమయం మన ఊరివాళ్ళకు వాకిట్లో సొత్తు. పుష్కర ఘాట్‌లోనో కోటిలింగాల రేవులోనో నిలబడితే సూర్యుడు ఏటి మీదే దిగుతాడు. పొద్దుటి వెలుగు నీళ్ళ మీద కావాలంటే మాత్రం అవతలి గట్టుకి, కొవ్వూరు వైపు పోవాల్సిందే. డిసెంబరులో ఒక ఆదివారం అక్కడ మంచు విడిపోతూ హేవ్‌లాక్ వంతెన రాతి స్తంభాలు ఒక్కొక్కటే బయటపడుతుంటే, చాలాసేపు ఎవరి నోటా మాట లేదు. ఆ వంతెనకు 56 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య అంగలు. 1897లో పని మొదలుపెట్టి 1900లో పూర్తిచేశారు, 1997 దాకా రైళ్ళు నడిచాయి. రైల్వేలో పనిచేసి రిటైరైన మన పెద్దాయన ఆ రోజు మాతో ఉన్నారు. పాత వంతెన మీద రైలు పోతుండగా తాను ఫిల్ము మీద తీసిన నెగెటివ్‌లు ఇంట్లో ఉన్నాయన్నారు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

కడియపులంక పూల మార్కెట్టుకు తెల్లవారుజామునే వెళ్ళాం. ఎండలో ముద్దబంతి ఫొటో తీస్తే రేకులన్నీ కలిసి ఒకే ముద్దగా పడతాయి. కెమెరాలో ఎరుపు ముందే నిండిపోవడం దానికి కారణం. ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గించి, అంటే కెమెరాలో పడే వెలుగును సగం చేసి, గోనె పట్టా నీడలో తీసినవాళ్ళకు రేకు రేకూ విడివిడిగా వచ్చింది. మూటలు మోసేవాళ్ళకు అడ్డం పడకుండా పక్కకు నిలబడి తీయడం కూడా ఆ రోజు నేర్చుకున్న పాఠమే.

కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళింది ఒక్కసారే, కానీ ఫొటోలు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ వచ్చాయి. కొల్లేటి నీళ్ళలో చెట్ల మీదా, వాటి కోసం కట్టిన ఇనుప స్టాండ్ల మీదా గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు పెట్టి ఉన్నాయి. రెక్కలు విప్పి వాలుతున్న పక్షిని చూశాక బటన్ మీద నుంచి వేలు తీయబుద్ధి కాదు. లెక్క చూడండి: సెకనుకు పది ఫ్రేముల చొప్పున మూడు సెకన్లు నొక్కితే ముప్ఫయి, అలా వందసార్లు నొక్కితే మూడువేలు. కెమెరా కుదించకుండా దాచే ఒక్కో రా ఫైలు 25 ఎంబీ అనుకుంటే, ఒక్క సభ్యుడి ఒక్క పూటకే 75 జీబీ. ఇంటికొచ్చి కార్డు ఖాళీ చేసుకుంటాం. తెల్లారితే ఆఫీసు ఉంటుంది. వచ్చే ఆదివారం చూద్దామనుకుంటాం, ఆ ఆదివారం ఇంకో ఊరు పోతాం.

ఇలా పేరుకున్నదే మనకిప్పుడు పెద్ద సమస్య. అది ఎంత పెద్దదో ఈ ఏడాది జగ్గన్నతోట వల్ల నాకు అర్థమైంది.

కనుమ రోజున కోనసీమలో మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు ఊళ్ళ శివుళ్ళు, వెదుళ్ళతో కట్టి అలంకరించిన ఎత్తైన ప్రభల మీద వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను భుజాల మీదే ఎగువ కౌశిక నది దాటించే దృశ్యం కోసం మనం 2024 జనవరిలో వెళ్ళాం, 2025లోనూ వెళ్ళాం. ఆ రెండు కనుమల మధ్య, డిసెంబరులో, ఒక ఊరి ప్రభ కట్టే ఆయన నాకు ఫోన్ చేశారు. "బాబూ, పోయినేడు మీరంతా ఫొటోలు తీశారు కదా. ప్రభ వెనకవైపు వెదుళ్ళు ఎలా కట్టామో కనిపించే ఫొటో ఒకటి ఉంటే పంపండి. ఆ కట్టు కట్టినోడు కువైట్ ఎళ్ళిపోయాడు. ఫోన్లో చెప్తున్నాడు గానీ మాకు అందట్లేదు" అన్నారు.

వెంటనే పంపుతానని మాటిచ్చాను. ఆ రాత్రే డిస్కు తెరిచాను. ఫోల్డర్ల పేర్లు చూస్తే "కొత్త కార్డు", "ఇంపోర్ట్ 3", "జనవరి అన్నీ". మిగతా సభ్యులనూ అడిగాను, అందరి దగ్గరా అదే పరిస్థితి. పైగా మనందరం తీసింది ముందువైపే: రంగుల దారాలు, వరికంకులు, మోస్తున్నవాళ్ళ ముఖాలు, ఎగిరిపడే నీళ్ళు. కావాల్సిన ఫొటో చివరికి మనలో అందరికన్నా కొత్తగా చేరిన అమ్మాయి దగ్గర దొరికింది. జనం తోపులాటలో ప్రభ వెనక్కి వెళ్ళిపోయి, అక్కడి నుంచే ఒక ఫ్రేము తీసిందట. అది బయటపడేసరికి తొమ్మిది రోజులైంది. ఆ లోపు వాళ్ళు తమకు తోచినట్టు కట్టేసుకున్నారు. కనుమ నాడు ప్రింటు తీసుకెళ్ళి ఇస్తే ఆయన చాలాసేపు చూసి, "వచ్చే ఏడాదికి పనికొస్తది" అని చొక్కా జేబులో దాచుకున్నారు. ఆలస్యమైందని ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకు మాత్రం ఆ తొమ్మిది రోజులు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉన్నాయి.

ఫిబ్రవరి సమావేశంలో ఈ సంగతి చెప్పినప్పుడు మన పెద్దాయన లేచి ఇంటికి వెళ్ళి, మళ్ళీ వచ్చేసరికి చేతిలో ఒక బిస్కెట్ డబ్బా ఉంది. లోపల కవర్లు, కవరు కవరు మీదా తారీఖు, చోటు, రైలు పేరు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. హేవ్‌లాక్ వంతెన మీద రైలున్న నెగెటివ్ తీయడానికి ఆయనకు రెండు నిమిషాలు పట్టలేదు. తీసి పాతికేళ్ళు దాటాయి. గోదావరి తేమకు బూజు పట్టకుండా డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు ఏడాదికి రెండుసార్లు మారుస్తారట. ఆ నెగెటివ్‌లను కింద నుంచి వెలిగే లైట్ ప్యాడ్ మీద పెట్టి మన కెమెరాలతోనే కాపీ తీయడం మొదలుపెట్టాం. సగం దాకా అయింది.

అదే సమావేశంలో ఒక సభ్యుడు గ్యారీ వినోగ్రాండ్ గురించి చెప్పారు. ఈ అమెరికన్ ఫొటోగ్రాఫర్ 1984లో చనిపోయేనాటికి దాదాపు 2,500 ఫిల్ము రోల్స్ డెవలప్ చేయకుండానే ఉండిపోయాయి. రోల్‌కు 36 చొప్పున వేసుకుంటే 90,000 ఫ్రేములు. అంత గొప్పవాడి వెనక వాటిని చూసి, ఏరి, పేర్లు పెట్టడానికి మనుషులు ముందుకొచ్చారు. మన డిస్కులు తెరిచే శ్రమ మనమే పడాలి.

అందుకని కార్యవర్గం కొన్ని నిర్ణయాలు తీసుకుంది. ఇకపై విహారం నెల విడిచి నెల. మధ్య నెలలో అందరం ఒకచోట కూర్చుని బియ్యం ఏరినట్టు ఫొటోలు ఏరుకుంటాం. మొదటి చూపులో మసకబారినవీ, ఒకేలా ఉన్నవీ తీసెయ్యాలి. మంచివి ఎంచుకోవడం నెల ఆగి చేద్దాం, తీసిన రోజు మోజు తగ్గాక కన్ను సరిగ్గా చూస్తుంది. ఫోల్డరు పేరు తారీఖుతో మొదలవ్వాలి, పక్కన ఊరు పేరు ఉండాలి: 2025-01-15 జగ్గన్నతోట. ఉంచుకున్న ఫొటోకు కనీసం ఒక వాక్యం తెలుగులో రాయాలి, ఏ ఊరు, ఏ పని, ఎవరు, ఎటువైపు నుంచి. మూడు కాపీలుండాలి, ఒకటి వేరే ఇంట్లో. ఎవరి ఫొటో తీశామో వాళ్ళకు ప్రింటు ఇవ్వడానికి వచ్చే ఏడాది బడ్జెట్‌లో విడిగా డబ్బు కేటాయించాం. ఈ పద్దు పెంచాలని ఎవరైనా ప్రతిపాదిస్తే నేను సంతోషంగా బలపరుస్తాను.

తిరగడం తగ్గిస్తే ఉత్సాహం పోతుందని కొందరు యువ సభ్యులు అన్నారు. వాళ్ళ మాటా కొట్టిపారేయలేం, పొద్దున్నే అయిదింటికి మమ్మల్ని లేపేది వాళ్ళే. అందుకే ఊళ్ళో ఉదయపు నడకలు ఎప్పటిలాగే ప్రతి వారం ఉంటాయి. తగ్గేది వ్యాను కట్టించుకుని పోయే దూరపు ప్రయాణాలే. 2027లో గోదావరి పుష్కరాలు రాబోతున్నాయి. 2015 పుష్కరాల ఫొటోలే మనలో చాలామంది ఇంకా పూర్తిగా చూసుకోలేదు.

మొదటి ఏరివేత వచ్చే నెల మొదటి ఆదివారం, ఉదయం తొమ్మిదింటికి, మామూలు సమావేశాల గదిలోనే. హార్డ్ డిస్కు, దాని కేబులు, ఒక నోటు పుస్తకం తెచ్చుకోండి. ల్యాప్‌టాప్ లేనివాళ్ళు పక్కవాళ్ళతో కూర్చోవచ్చు. ముందుగా తెరిచేది 2015 ఫోల్డరు.

ఇట్లు,
కార్యదర్శి