పిల్లల పక్కన కూర్చుని ఒక ఆట ఆడండి

తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్నటి పేరెంట్స్ మీటింగులో రెండు మాటలు పదేపదే విన్నాను. "మావాడు నోరు విప్పడు మేడం, ఎంతసేపూ ఫోన్‌లో గేమే" అని అబ్బాయిల తల్లులు. "మా పాపకి ఆ గేముల పిచ్చి లేదు, అన్నీ నాకు చెప్పుకుంటుంది" అని అమ్మాయిల తల్లులు. ఈ రెండింటి గురించీ మీతో మాట్లాడాలనిపించింది.

మగపిల్లలు సహజంగానే తక్కువ మాట్లాడతారని అనుకుంటాం. అమెరికా, మెక్సికోల్లో 396 మంది కాలేజీ విద్యార్థుల మాటలను చిన్న రికార్డర్లతో పట్టి అంచనా కట్టిన పరిశోధన 2007లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఆడవాళ్లైనా మగవాళ్లైనా రోజుకి దాదాపు 16,000 మాటలు. మన పిల్లల వయసు వేరు, ఇళ్లు వేరు. అయినా బడిలో నాకు కనిపిస్తున్నది కూడా ఇలాగే ఉంది. చాలామంది అబ్బాయిలకు మాటలు లేక కాదు, ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైందో చెప్పు" అంటే బిగుసుకుపోతారు. పక్కన కూర్చుని ఏదైనా పని చేస్తుంటే వాళ్లే మొదలుపెడతారు.

కంప్యూటర్ ల్యాబ్‌లో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు మైన్‌క్రాఫ్ట్‌లో, అంటే దిమ్మెలు పేర్చి ఇళ్లు కట్టుకునే కంప్యూటర్ ఆటలో, ఇనుప తలుపు బిగించాడు. ఆ ఆటలో కరెంటు తీగలా సిగ్నల్ మోసే రెడ్‌స్టోన్ పొడిని గీతలా పరిచి, పలక మీద కాలు పెడితే తలుపు తెరుచుకునేలా చేశాడు. "15 గడులు దాటితే సిగ్నల్ అందదు మేడం, దాన్ని ముందుకు పంపే రిపీటర్ మధ్యలో పెట్టాలి" అంటూ ఒక్కో గడీ చూపించాడు. తెర మీద నుంచి చూపు తిప్పకుండానే, లెక్కల పరీక్షంటే టెన్షన్‌గా ఉందనీ చెప్పేశాడు. క్లాసులో అడిగితే ఆ మాట వచ్చేది కాదు.

ఇక అమ్మాయిల సంగతి. గేముల పిచ్చి లేదని సంతోషించే ముందు ఒక్కసారి ఆలోచించండి. సాయంత్రం ఫోన్ తమ్ముడికి, అంట్ల గిన్నెలు అక్కకి అప్పజెప్పే ఇళ్లు మనలో లేవా? టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లోనే ఒక విషయం చూపించారు. వస్తువును మనసులో తిప్పి చూసే పరీక్షల్లో అబ్బాయిలకు సగటున ఎక్కువ మార్కులు వస్తాయి. యాక్షన్ గేమ్ 10 గంటలు ఆడించాక అమ్మాయిలు ఎక్కువ మెరుగుపడ్డారు, ఆ తేడా బాగా తగ్గింది. జామెట్రీకి, ఇంజినీరింగ్ డ్రాయింగ్‌కి పనికొచ్చే నేర్పు ఇది. మన అమ్మాయిలకు దాన్ని ఎందుకు దూరం చేయాలి?

హద్దులు మాత్రం తప్పవు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములను 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. వాటి దరిదాపులకు పోనివ్వకండి. నిద్ర, తిండి, చదువు పాడవుతున్నా ఆట ఆపలేకపోతుంటే అది జబ్బు కావచ్చు. గేమింగ్ డిజార్డర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధుల జాబితాలో చేర్చింది. ఫోన్ లాక్కుని తిట్టకుండా మాకు చెప్పండి, డాక్టర్ని కలుద్దాం.

వచ్చే శనివారం మధ్యాహ్నం ల్యాబ్ మీ కోసం తెరిచి ఉంచుతున్నాం. పిల్లలు నేర్పిస్తారు, మీరు ఆడాలి. ముఖ్యంగా నాన్నలు రండి, కూతుళ్ల పక్కన కూర్చోండి. వచ్చేవాళ్లు పిల్లల డైరీలో రాసి సంతకం పెట్టి పంపితే కుర్చీలు సర్దుతాం.

మీ ప్రధానోపాధ్యాయురాలు