పండుగప్ప చేపపిల్లతో వస్తున్న వైరస్‌పై కేంద్ర మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

దివిసీమ నుంచి ఒక పండుగప్ప రైతు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

ఇదే విషయం మీద మా ప్రాంత రైతులం ఇంతకుముందు అర్జీలు పెట్టుకున్నాం. అందినట్టు రసీదులు వచ్చాయి గానీ జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను. మత్స్య సంపద యోజన గురించి, అందులో కేజ్ కల్చర్‌కు, అంటే నీటిలో వల పంజరాలు కట్టి చేపలు పెంచడానికి, ఇచ్చే రాయితీ గురించి మీకు నేను చెప్పవలసిన పని లేదు. కేజ్ కట్టుకోవడానికి, చెరువు తవ్వుకోవడానికి చేయి అందించిన ప్రభుత్వం, అందులో వదిలే పిల్ల ఎక్కడిదో, దానితో పాటు ఏ జబ్బు వస్తోందో పట్టించుకోవడం లేదన్నదే మా బాధ.

నిరుడు మేము వేసిన పిల్ల పొరుగు రాష్ట్రంలోని ఒక హేచరీ (చేపపిల్లలను పుట్టించే కేంద్రం) నుంచి వచ్చింది. పిల్ల ఆరోగ్యంగా ఉందని ఒక కాగితం ఇచ్చారు. ఏ పరీక్ష చేశారో, ఎప్పుడు చేశారో, ఏ తల్లిచేపల గుడ్ల నుంచి ఆ పిల్ల తీశారో అందులో ఒక్క ముక్క లేదు. హాపాల్లో (పిల్లను పెంచే వల సంచుల్లో) వదిలిన కొద్ది రోజులకే పిల్లల ఒళ్లు నల్లబడింది. మేత ముట్టడం మానేశాయి. కొన్ని నీటి పైకి వచ్చి గిరగిరా తిరిగి, పొట్ట పైకి తేలి, మళ్లీ అడుగుకు జారిపోయాయి. పండుగప్పను పెంచేవారందరికీ తెలిసిన సంగతి ఒకటుంది: పెద్ద పిల్ల చిన్న పిల్లను మింగేస్తుంది కాబట్టి ఎప్పటికప్పుడు సైజుల వారీగా వేరు చేస్తూ ఉండాలి. జబ్బుపడి ఈదలేని పిల్లను బలంగా ఉన్నది తినేస్తుంది, దానితో వైరస్ దాని ఒంట్లోకీ చేరుతుంది. ఎంత వేరు చేసినా, ఎన్ని నీళ్లు మార్చినా, ఏరేటర్లు రాత్రింబవళ్లు తిప్పినా ఆగలేదు. మందుల దుకాణాల వారు చెప్పినవన్నీ కొని వేశాం. వైరస్‌కు ఆ మందులు పనిచేయవని మాకు చెప్పేవారే లేకపోయారు. చచ్చిన పిల్లను ఆల్కహాల్‌లో వేసి ఒక ల్యాబ్‌కు పంపితే, హాపాలు విప్పి ఎండబెట్టుకున్న తర్వాత ఫలితం వచ్చింది. అది చేప నరాలను దెబ్బతీసే వైరస్ జబ్బు వైరల్ నెర్వస్ నెక్రోసిస్, పొట్టిగా వీఎన్ఎన్. అప్పటికే అదే హేచరీ పిల్ల మా చుట్టుపక్కల ఇంకెన్నో చెరువుల్లోకి వెళ్లిపోయింది. ఒక చెరువు వారు నీళ్లు వదిలే డ్రెయిన్ నుంచే దిగువ చెరువు వారు మోటారు పెట్టుకుని తోడుకోవాలి. మా ఊళ్లో నీటికి మరో దారి లేదు. పిల్ల పోయినా చెరువు కౌలు ఆగదు, కరెంటు బిల్లు ఆగదు, అప్పిచ్చిన వ్యాపారి ఆగడు. అప్పుల వాళ్లకు సమాధానం చెప్పుకోలేక చెరువు వదిలేసి కూలికి వెళుతున్న కుర్రవాళ్లు మా మధ్యనే ఉన్నారు.

ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు మంత్రి గారూ. 1980ల చివర నుంచే ఆస్ట్రేలియా, జపాన్ హేచరీల్లో దీన్ని గుర్తించారు. మన దేశంలో హేచరీలో పెరుగుతున్న పండుగప్ప లార్వాలు దీనివల్ల చనిపోయాయని శాస్త్రవేత్తలు 2005లోనే ప్రచురించారు. ఈ జబ్బు తెచ్చే నోడావైరస్ చేప మెదడులో, కంటి రెటీనాలో పెరుగుతుందని, తల్లి నుంచి గుడ్డుకూ, నీటి ద్వారా చేప నుంచి చేపకూ పాకుతుందని, జబ్బు లక్షణాలేవీ కనిపించని చేప కూడా దాన్ని మోసుకు తిరుగుతుందని అప్పటి నుంచీ తెలుసు. తల్లిచేపలను ఆర్టీపీసీఆర్‌తో పరీక్షించి వైరస్ ఉన్నవాటిని పక్కన పెట్టాలి, గుడ్లను శుద్ధి చేయాలి, హేచరీ నీటిని ఓజోన్‌తోనో అతినీలలోహిత కాంతితోనో శుభ్రం చేయాలి. ఇవి చేస్తే నష్టం చాలావరకు తప్పుతుంది. కరోనా పుణ్యమా అని ఆర్టీపీసీఆర్ అంటే ఏమిటో ఇప్పుడు మా ఊరి ముసలివాళ్లకు కూడా తెలుసు. ఆ పరీక్షను తల్లిచేపకు చేయించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ (సీబా) శాస్త్రవేత్తలు ఈ జబ్బుకు టీకా కనిపెట్టారు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ దాన్ని వాణిజ్యపరంగా తయారు చేయడానికి 2023లో వారితో చేతులు కలిపింది. అది విని మేమెంతో సంతోషించాం. కానీ లార్వాగా ఉన్నప్పుడే చచ్చిపోయే చేపకు సూది వేసే వీలు లేదు. టీకా ఉన్నా తల్లిచేపకు పరీక్ష తప్పదు.

ఇక్కడి నుంచే నా అసలు విన్నపం. ఈ పరీక్ష ఆంధ్రప్రదేశ్ ఒక్కటే పెట్టుకున్నంత మాత్రాన మా చెరువులకు రక్షణ రాదు. పిల్ల తమిళనాడు నుంచి మాకు వస్తుంది, ఇంకా పైకి ఒడిశాకూ, బెంగాల్‌కూ పోతుంది. థాయిలాండ్ 1970ల నుంచే పండుగప్పను హేచరీల్లో పుట్టిస్తోంది. బంగ్లాదేశ్, శ్రీలంక, మయన్మార్, మనమూ ఒకే బంగాళాఖాతం నీటిని చెరువుల్లోకి తోడుకుంటున్నాం. ఆ నీటిలో సహజంగా పెరిగి తిరిగే చేపకు కూడా ఈ వైరస్ సోకుతుంది. ఆ చేపనే పట్టి, ముక్కలు చేసి పండుగప్పకు మేతగా వేస్తాం. మన ఒక్కరి జాగ్రత్త ఎంతవరకు కాపాడుతుందో మీరే ఆలోచించండి.

కలిసి పనిచేయడానికి వేదికలు లేవా అంటే ఉన్నాయి. బ్యాంకాక్ కేంద్రంగా ఉన్న నాకా (ఆసియా-పసిఫిక్ ఆక్వాకల్చర్ కేంద్రాల నెట్‌వర్క్) 1990 నుంచి అంతర్ ప్రభుత్వ సంస్థగా నడుస్తోంది, అందులో మన దేశం సభ్యురాలు. రోగం సోకిన జీవాలు దేశాల మధ్య తిరగకుండా ఏం చేయాలో ఆసియా దేశాలు 2000లో బీజింగ్‌లో కూర్చుని మార్గదర్శకాలు ఆమోదించాయి. దేశాలు మూడు నెలలకొకసారి జబ్బుల నివేదికలు పంపుకునే ఏర్పాటు కూడా అప్పటికే ఉంది. అయితే మూడు నెలల నివేదిక చచ్చిన చేపల లెక్క చెబుతుంది, బతికున్న వాటిని కాపాడదు. వీఎన్ఎన్ పిల్ల దశలోనే రోజుల్లో తుడిచిపెట్టేస్తుంది. ఎక్కడ బయటపడిందో ఆ వారంలోనే పక్క దేశానికి, అక్కడి నుంచి పక్క జిల్లా రైతు ఫోనుకు తెలియాలి. ఫిలిప్పీన్స్‌లోని సీఫ్‌డెక్ (ఆగ్నేయాసియా మత్స్య అభివృద్ధి సంస్థ) కేంద్రం జపాన్ ఇచ్చిన నిధులతో ఆగ్నేయాసియా దేశాల వారికి చేపల జబ్బులపై ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చింది, పరీక్షా పద్ధతులు నేర్పింది. ఆ దేశాలన్నీ ధనిక దేశాలేమీ కావు. చెన్నైలోనే కార్యాలయం ఉన్న బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ అనే అంతర్ ప్రభుత్వ మత్స్య సంస్థలో మనం బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులతో కలిసి మత్స్యకారుల భద్రత గురించి మాట్లాడుకుంటున్నాం. పెంచే చేపల జబ్బులను కూడా అక్కడ చర్చకు పెట్టమని అడుగుతున్నాను.

రొయ్య విషయంలో దెబ్బ తిన్నాకే మనకు తెలివి వచ్చింది. 1994లో తెల్లమచ్చ వైరస్ తూర్పు తీరాన్ని ఊడ్చేసినప్పుడు నెల్లూరు రైతులు ఎలా కూలిపోయారో మా పెద్దవాళ్లు కళ్లారా చూశారు. తర్వాత 2009లో వనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి ఇచ్చినప్పుడు, విదేశాల నుంచి వచ్చే ప్రతి తల్లిరొయ్య చెన్నై క్వారంటైన్ కేంద్రం దాటాకే హేచరీకి వెళ్లాలని నియమం పెట్టారు. డాలర్లు తెచ్చే రొయ్యకు ఇంత కాపలా పెట్టినవారు పండుగప్పకు, పొంపనో, కోబియా వంటి సముద్రపు చేపలకు ఎందుకు పెట్టలేదు? 2007లో దేశంలోనే తొలి సముద్రపు కేజ్‌ను విశాఖ తీరంలో దించినప్పుడు, ఇక సముద్రంలోనూ సేద్యం చేయవచ్చని మాలో ఎంతోమంది ఆశపడ్డారు. ఆ ఆశ నిలబడాలంటే పిల్లకు పరీక్ష తప్పనిసరి చేయాలి.

2023లో చేపల జబ్బులు తెలిపే యాప్ తెచ్చారు. మంచిదే. కానీ రైతు చెప్పింది పైకి పోయినంత వేగంగా హెచ్చరిక కిందికి రావాలి, తెలుగులో రావాలి. హేచరీ ఇచ్చే కాగితం మీద ఏ వైరస్‌కు, ఏ తేదీన, ఏ ల్యాబ్‌లో పరీక్ష చేశారో రాసి ఉండాలి. ఆ కాగితం తమిళనాడులో ఒక రకంగా, థాయిలాండ్‌లో మరో రకంగా కాకుండా అందరూ ఒప్పుకున్న ఒకే పద్ధతిలో ఉండాలి. పరీక్షలో వైరస్ ఉందని తేలితే ఆ పిల్లను ధ్వంసం చేయాలి, చేసినందుకు హేచరీకి పరిహారం ఇవ్వాలి. పరిహారం లేకపోతే ఎవరూ బయటపెట్టరు, గుట్టుగా రైతుకే అమ్ముతారు. నష్టపోయిన రైతుకు కూడా ఏదో ఒక ఆదరువు చూపించండి. ఎంత, ఎలా అన్నది మీరే నిర్ణయించండి.

వచ్చే సీజన్‌కు మళ్లీ పిల్ల తెచ్చుకోవాలా వద్దా అని మా ఊళ్లో రైతులు ఇప్పుడే అడుగుతున్నారు. పొరుగు దేశాలతో ఈ విషయం మాట్లాడతారా, మాట్లాడితే ఎప్పుడు అన్నది ఆలోగా రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పండుగప్ప రైతు,
నాగాయలంక, కృష్ణా జిల్లా.