డిలీట్ కాని ఫైలుకు ఫార్మాట్ మందు కాదు

సంపాదకులు గారికి,

అయ్యా,

కంప్యూటర్‌లో ఒక ఫైలు డిలీట్ కావడం లేదంటే చాలు, వైరస్ చేరిందనీ ఫార్మాట్ కొట్టాల్సిందేననీ చెప్పేయడం మా కర్నూలులో కొన్ని సర్వీసు దుకాణాలకు అలవాటైపోయింది. అలా ఫార్మాట్ చేయించుకున్నవారు, దానితోపాటు పోయిన పట్టాదారు పాసుపుస్తకాల కాపీలనూ పిల్లల మార్కుల జాబితాలనూ మళ్లీ స్కాన్ చేయించుకోవడానికి కలెక్టరేట్ పరిసరాల్లోని మాలాంటి డీటీపీ కేంద్రాలకు వస్తుంటారు. మాకది బేరమే అయినా, ఈ పద్ధతి సరికాదని చెప్పక తప్పదనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ఫైలును తొలగించడానికి విండోస్ ఒప్పుకోనప్పుడు ఎందుకు ఒప్పుకోవడం లేదో తెర మీదే చెబుతుంది. మనమే చదవకుండా ‘ఓకే’ నొక్కేస్తాం. ఆ ఫైలు వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉందన్నది అన్నిటికంటే ఎక్కువగా కనిపించే సందేశం. విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ ఫైలును తెరిచేటప్పుడే, తన పని ముగిసేదాకా ఇతరులు దాన్ని తొలగించడానికి వీల్లేదని షరతు పెట్టుకోగలదు. విండోస్‌కు బదులుగా కొందరు వాడే లైనక్స్ వ్యవస్థ ఇలా అడ్డుపడదు. ఫైలు పేరును అప్పటికప్పుడే తీసేసి, ఆఖరి ప్రోగ్రామ్ వదిలేదాకా లోపలి సమాచారాన్ని మాత్రం ఉంచుతుంది. కాబట్టి ఈ మొండితనం రోగం కాదు, విండోస్ తీరే అంత.

చిక్కల్లా పట్టుకున్నది ఎవరో కంటికి కనబడకపోవడంలో ఉంది. ఇటీవల ఒక వకీలు గుమాస్తా తెచ్చిన ల్యాప్‌టాప్‌లో అన్ని విండోలూ మూసేసినా ఒక పీడీఎఫ్ కదలలేదు. చూస్తే ఫోల్డర్‌కు కుడివైపున ప్రివ్యూ పేన్ తెరిచి ఉంది; అందులో ఆ దస్తావేజు మొదటి పేజీ, స్టాంపు ముద్రతో సహా, కనిపిస్తూనే ఉంది. ఆల్ట్, పీ మీటలు కలిపి నొక్కి ఆ పేన్ మూయగానే ఫైలు పోయింది. అంతకుముందు ఒక దుకాణంలో ఆయనకు ఫార్మాట్ ఖర్చు కూడా చెప్పి పంపారట! అంత సులువుగా దొరకనప్పుడు, విండోస్ 7 నుంచీ ఉన్న రిసోర్స్ మానిటర్‌ను తెరిచి, సీపీయూ విభాగంలోని ‘అసోసియేటెడ్ హ్యాండిల్స్’ గడిలో ఫైలు పేరు టైపు చేస్తే, దాన్ని పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు సాధారణంగా బయటపడుతుంది. మైక్రోసాఫ్ట్ వారే ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని ఫైల్ లాక్‌స్మిత్ కూడా ఇదే పని చేస్తుంది. ఇవి ఉండగా, ఊరూ పేరూ లేని సైట్ల నుంచి ‘అన్‌లాకర్’ల వంటివి దించుకుని, వాటి వెంట వచ్చే చెత్తను కూడా ఇంట్లోకి తెచ్చుకోవడం దేనికి?

‘ఆపి మళ్లీ ఆన్ చేశాను, అయినా పోలేదు’ అని చాలామంది అంటారు. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ పనిచేస్తున్న కంప్యూటర్లలో షట్ డౌన్ చేసినా వ్యవస్థ లోపలి భాగం పూర్తిగా మూతపడదు; దాన్ని డిస్కులో దాచి, మళ్లీ ఆన్ చేసినప్పుడు ఉన్నదున్నట్టు తెస్తుంది. అందువల్ల ఇలాంటప్పుడు ఎంచుకోవలసింది రీస్టార్ట్.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టుకునేవారికి మరొక ఇబ్బంది ఉంది. డ్రైవ్ అక్షరంతో మొదలుపెట్టి ఫైలు పేరు దాకా మొత్తం చిరునామా 260 అక్షరాలు దాటితే చాలా ప్రోగ్రాములు దాన్ని ముట్టుకోలేవు. మన కంటికి మూడక్షరాలుగా కనిపించే ‘కర్నూలు’ను కంప్యూటర్ గుణింతాలనూ ఒత్తునూ విడదీసి ఏడుగా లెక్కిస్తుంది. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే ఆ హద్దు త్వరగానే వచ్చేస్తుంది. పై ఫోల్డర్ల పేర్లను ఒక్కో అక్షరానికి కుదిస్తే చాలు, లోపలి ఫైలు మామూలుగానే డిలీట్ అవుతుంది. పాత కంప్యూటర్ హార్డ్‌డిస్కును కొత్తదానికి తగిలించినప్పుడు అనుమతి లేదని వస్తే, ఆ ఫోల్డర్ యాజమాన్యాన్ని సెక్యూరిటీ అమరికల్లో మన పేరుకు మార్చుకోవాలి. పెన్‌డ్రైవ్ సంగతి వేరు: తొలగించిన ఫైళ్లు తీసి పెట్టగానే మళ్లీ ప్రత్యక్షమవుతుంటే, చాలావరకు దాని ఆయువు తీరినట్టే, కావలసినవి కాపీ చేసుకుని దాన్ని పక్కన పడేయడం మేలు.

తొలగించకూడనివీ ఉన్నాయి. జాగా తినేస్తున్నాయని పేజ్‌ఫైల్ (మెమరీ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైలు) మీదకూ, విండోస్ ఫోల్డర్‌లోని ఫైళ్ల మీదకూ వెళ్లేవారికి విండోస్ అడ్డుపడితే, అక్కడ దాని మాటే వినాలి. పాత విండోస్ మిగిల్చిన ‘విండోస్.ఓల్డ్’ను మాత్రం డిస్క్ క్లీనప్ ద్వారా నిక్షేపంగా తీసేయవచ్చు.

నిజంగానే ఫార్మాట్ తప్పని కంప్యూటర్లు ఉంటాయి, కాదనను. అయితే ఆ పనికి ముందు వినియోగదారు ఫైళ్లన్నిటినీ వేరే డిస్కులోకి కాపీ తీసి, వాటిని ఆయన ముందే తెరిచి చూపించాలనీ, ఫార్మాట్ ఎందుకు చేయవలసి వచ్చిందో బిల్లు మీద ఒక్క వాక్యమైనా రాసి ఇవ్వాలనీ జిల్లాలోని సర్వీసు దుకాణాల వారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డీటీపీ కేంద్రం నిర్వాహకుడు,
కర్నూలు