గుంటూరు కొత్తపేటలో మా ఎమ్మారై చూసిన డాక్టరమ్మ గారికి

పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. నలుగురిలో చెప్పకపోతే మాత్రం నా మనసు ఒప్పుకోదు.

మా అక్క కొడుక్కి చేతులు వణికేవి, మాట ముద్దగా వచ్చేది. చదువు టెన్షనని కొందరు, నరాల బలహీనతని కొందరు అన్నారు. మీరు రిపోర్టు రాసి పంపేయకుండా మమ్మల్ని లోపలికి పిలిచి, "అమ్మానాన్నలది మేనరికమా? పిల్లాడికి ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా?" అని అడిగారు. మధ్యమెదడులో పాండా ముఖంలాంటి ఆకారాన్ని స్క్రీన్ మీద చూపించి, విల్సన్ వ్యాధి కావచ్చన్నారు. 1912లో విల్సన్ అనే డాక్టరు వివరించిన, వంశపారంపర్యంగా వచ్చే అరుదైన జబ్బు అది. ఒంట్లో రాగి బయటికి పోక కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. స్కాన్ ఒక్కటే చాలదని, నల్లగుడ్డు చుట్టూ రాగి వలయం ఉందేమో కంటి డాక్టరుకి చూపించమని, సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రోటీను), 24 గంటల మూత్రంలో రాగి పరీక్షలు చేయించమని మీరే రాసిచ్చారు. అన్నీ మీరన్నట్టే తేలాయి.

అంతకంటే పెద్ద మేలు ఇంకోటి. తోబుట్టువులకి నాలుగో వంతు అవకాశం ఉంటుందని చెల్లెలికీ పరీక్ష చేయించారు. ఏ లక్షణమూ లేని ఆ పిల్లకీ ఉంది. వణుకు మొదలవక ముందే మందు పడింది. జీవితాంతం వాడాలి, ఇద్దరూ వాడతారు. పిల్లాడు ఇప్పుడు తన అన్నం తనే కలుపుకుంటున్నాడమ్మా. అక్కా బావల తరఫున కూడా మీకు దండాలు.